రక్తం చూపిస్తే భయపడతారా, అలవాటు పడిపోతారా? రోడ్డు భద్రత యాడ్‌ల మీద చర్చ

రీలు_కత్తెర
జనవరి రోడ్డు భద్రతా మాసానికి థియేటర్లలో, కాలేజీల్లో వేయడానికి హెల్మెట్ మీద 40 సెకన్ల ఫిల్మ్ ఒకటి ఎడిటింగ్‌లో ఉంది. రెండు కట్‌లు తయారయ్యాయి. 'ఎ' కట్‌లో నిజం సీసీటీవీ ఫుటేజీ, లారీ వెనక చక్రం, తారు మీద రక్తం, ఆఖర్న తల్లి ఏడుపు. 'బి' కట్‌లో రక్తం చుక్క కూడా లేదు. జిల్లా కమిటీలో పెద్దలంతా 'ఎ' వైపే ఉన్నారు. ఒళ్లు గగుర్పొడిస్తే గానీ బుద్ధి రాదని వాళ్ల వాదన. వాలంటీర్ కుర్రాళ్లేమో "ఇలాంటివి పొద్దున లేస్తే ఫోన్లో పది చూస్తాం" అని తేలిగ్గా తీసేస్తున్నారు. ఏది పని చేస్తుందో, ఎందుకు చేస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి. "నాకైతే భయమేసింది, నాకైతే వెయ్యలేదు" లాంటి జవాబులు వద్దు, దయచేసి.

యర్రా_ఒడ్డు
ఈ తరహా యాడ్‌లకు పుట్టిల్లు అనదగ్గది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, అంటే మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రం. తీసేది ట్రాన్స్‌పోర్ట్ యాక్సిడెంట్ కమిషన్. పొట్టిగా టీఏసీ. అది పోలీసు శాఖా కాదు, రవాణా శాఖా కాదు. బండి రిజిస్ట్రేషన్‌తో పాటు వసూలయ్యే ప్రీమియంతో నడిచే ప్రభుత్వ బీమా సంస్థ. తప్పు ఎవరిదైనా సరే, దెబ్బ తగిలినవాడి వైద్యం ఖర్చు దాని నెత్తినే పడుతుంది. ప్రమాదాలు తగ్గితే దానికి నేరుగా డబ్బు మిగులుతుంది. అందుకే యాడ్‌ల మీద అంత ధారాళంగా ఖర్చు పెట్టింది.

మొదటి యాడ్ 1989 డిసెంబరులో వచ్చింది. తాగి నడిపేవాణ్ని పట్టుకుని "నువ్వొట్టి దద్దమ్మవి" అని మొహం మీదే తిట్టే నినాదం దానిది. అప్పట్లో టీవీలో ఆ మాట వాడటమే సంచలనం. 1989లో ఆ రాష్ట్రంలో రోడ్ల మీద 776 మంది చనిపోయారు. 1990లో 548. ఒక్క ఏడాదిలో ఇంత తగ్గేసరికి ప్రపంచమంతా ఇది యాడ్ మహిమే అనుకుంది. న్యూజిలాండ్, ఉత్తర ఐర్లండ్ అదే దారి పట్టాయి. మీ కమిటీ పెద్దలు చెప్తున్నదానికి మూలం ఎక్కడో ఒకచోట ఇక్కడే ఉంటుంది.

లెక్కలపంతులు
ఆ 776, 548 అంకెలు నిజమే. వాటిని యాడ్ ఖాతాలో రాసెయ్యడం మాత్రం కుదరదు. సరిగ్గా ఆ నెలల్లోనే అక్కడ ఇంకో మూడు జరిగాయి. రోడ్డు పక్కన బస్సులు పెట్టి ఎవర్నైనా ఆపి ఊదించే తనిఖీలు 1989 చివర్లో ఒక్కసారిగా పెరిగాయి. 1990లో కొత్త స్పీడ్ కెమెరాలు దిగాయి. ఆర్థిక మాంద్యం వచ్చి తాగుడూ తగ్గింది, తిరుగుడూ తగ్గింది.

మొనాష్ యూనివర్సిటీ ప్రమాద పరిశోధన కేంద్రంవాళ్లు 1993లో లెక్క కట్టి యాడ్‌లకు కూడా వాటా ఉందన్నారు. 2000లో వేరే గుంపు అదే విషయాన్ని తిరగదోడి, యాడ్ ఒక్కదాని వాటాను విడదీసి చూపించడానికి ఆ పద్ధతి సరిపోదని తేల్చింది. నా మట్టుకు నాకు ఈ రెండోవాళ్ల మాటే సబబుగా ఉంది. అన్నీ ఒకేసారి మొదలైతే దేని పుణ్యం ఎంతో ఎలా చెప్తాం?

ఇంకాస్త పెద్ద గంపలో చూడాలంటే, 2011లో నార్వే పరిశోధకులు రకరకాల దేశాల రోడ్డు భద్రతా ప్రచారాల మీద వచ్చిన 67 అధ్యయనాలను కలిపి చూశారు. సగటున ప్రమాదాలు 9 శాతం తగ్గాయి. పోలీసు తనిఖీ జోడైనచోట, మనిషి మనిషితో మాట్లాడినచోట, సందేశం రోడ్డు పక్కనే కనిపించినచోట ఫలితం మెరుగు.

మనసుపొర
రీలు_కత్తెర గారూ, మీ ప్రశ్నలో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీయాలి.

ఒకటి మొద్దుబారడం. ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ చూస్తే శరీరం స్పందించడం తగ్గిస్తుంది. చెమట, గుండె వేగం, అన్నీ. దీనికి కాలం పడుతుంది, పదేపదే చూడటం కావాలి. కొన్నాళ్లు ఆపేస్తే స్పందన కొంత తిరిగొస్తుంది కూడా. అంటే ఇది మందు ఉన్న జబ్బే. దృశ్యం మార్చాలి, విరామం ఇవ్వాలి. సిగరెట్ పెట్టెల మీద 85 శాతం మేర వేసే బొమ్మల్ని మన దేశంలో 12 నెలలకోసారి మార్చాలని నియమం పెట్టింది ఇందుకే.

రెండోది మొహం తిప్పుకోవడం. ఇది మొదటిసారి చూసినప్పుడే జరుగుతుంది. భయం పుట్టింది, దాన్నుంచి బయటపడే దారి కనబడలేదు. అప్పుడు మనిషి ప్రమాదాన్ని వదిలేసి భయాన్ని అదుపు చేసుకునే పనిలో పడతాడు. "ఇది గ్రాఫిక్స్", "వాడికి నడపడం రాదు", "పోయే టైమొస్తే ఇంట్లో ఉన్నా పోతాం". ఈ మూడూ అక్కణ్నుంచి వచ్చే మాటలే. పరిశోధకురాలు కిమ్ విట్టే 1992లో దీన్నే ఒక నమూనాగా పెట్టింది. భయం ఎంత, దానికి జోడీగా "నేను చెయ్యగలను, చేస్తే ఫలితం ఉంటుంది" అన్న నమ్మకం ఎంత. రెండోది తక్కువై మొదటిది ఎక్కువైతే యాడ్ ఎదురు తిరుగుతుంది.

మీ 'ఎ' కట్‌కి మొద్దుబారడం కంటే ఈ రెండోదే పెద్ద గండం. లారీ చక్రం కింద తల నలిగిపోయే షాట్ పెట్టి "హెల్మెట్ పెట్టుకోండి" అంటే, చూసినవాడికి తట్టే మొదటి ఆలోచన ఏమిటో చెప్పనా? "హెల్మెట్ ఉన్నా లారీ చక్రం కింద ఏం మిగులుతుంది?" న్యాయమైన ప్రశ్నే కదా.

బ్రేక్‌షూ
నమస్కారం. మోటారు వాహనాల తనిఖీ వృత్తివైపు నుంచి ఒక మాట. మీరంతా భయాన్ని మరీ తక్కువ చేస్తున్నారు. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. దీన్ని "మృదువుగా" ఎలా చెప్తారండీ? శవాన్ని దాచిపెట్టి పూలు చూపిస్తే జనం పూలే చూస్తారు.

మనసుపొర
బ్రేక్‌షూ గారూ, భయం వద్దని నేననలేదు. భయానికి పక్కన ఏం పెట్టాలన్నదే గొడవ. 1965లో యేల్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం జరిగింది. ధనుర్వాతం టీకా వేయించుకోమని విద్యార్థులకు కరపత్రాలు ఇచ్చారు. కొన్నిటిలో భయంకరమైన ఫొటోలు, కొన్నిటిలో మామూలు భాష. భయపెట్టినవి చదివినవాళ్లు "తప్పకుండా వేయించుకోవాలి" అని గట్టిగా చెప్పారు. వెళ్లి వేయించుకున్నది 3 శాతం. కరపత్రంలో ఆస్పత్రి ఎక్కడుందో గుర్తుపెట్టిన మ్యాప్, ఎప్పుడు తెరిచి ఉంటుందో వేళలు, "మీ రోజువారీ తిరుగుడులో ఎప్పుడు వెళ్లగలరో చూసుకోండి" అన్న సూచన చేర్చిన గుంపులో వెళ్లినవాళ్లు 28 శాతం. భయం కాస్త ఎక్కువా తక్కువా అన్నది తేడా తేలేదు. మ్యాప్ తెచ్చింది.

వాళ్లంతా చివరి ఏడాది విద్యార్థులు, ఆస్పత్రి ఎక్కడుందో తెలియనివాళ్లు కాదు. అయినా మ్యాప్ పని చేసింది చూడండి.

కాఫీ_క్లబ్బు
మన దగ్గర మొద్దుబారడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. థియేటర్లో సిగరెట్ మీద వేసిన ఆరోగ్య ప్రకటన, "ఈ నగరానికి ఏమైంది?" అనే గంభీరమైన గొంతు. ఆ ముక్క ఎంత నలిగిందంటే 2018లో అదే పేరుతో కామెడీ సినిమా వచ్చింది, జనం విరగబడి నవ్వారు. ముఖేష్ యాడ్ పరిస్థితీ అంతే, హాల్లో సగం మంది డైలాగు ముందే అందుకునేవాళ్లు. ఒక మనిషి నిజంగా నోటి క్యాన్సర్‌తో చనిపోయిన విషయం అది!

రీలు_కత్తెర
@కాఫీ_క్లబ్బు నిజమే. నా భయమూ అదే.

మనసుపొర
దానికి యాడ్‌నే తప్పుపట్టలేం. పొగాకు సీన్లున్న ప్రతి సినిమాకీ మొదట్లో ఒకసారి, ఇంటర్వెల్‌లో ఒకసారి, కదల్లేని ప్రేక్షకుడి ముందు అదే ముక్క ఏళ్ల తరబడి వేశారు. ఏ దృశ్యమైనా అరిగిపోతుంది. ఇంకో సంగతి, డైలాగు అందరికీ నోటికొచ్చింది కాబట్టి యాడ్ "హిట్" అని అనుకోవద్దు. గుర్తుండటం వేరు, మానడం వేరు.

లచ్చన్న_డాలస్
గిప్పుడు టెక్సాస్ ముచ్చట జెప్త. మీ కమిటీ వాళ్లకు గిది తప్పకుండ సదివియ్యిన్రి. హైవేల మీద మెరిసే బోర్డులుంటయ్ గద, "ముంగట ట్రాఫిక్ జామ్" అని ఏసేటియి. 2012 ఆగస్టు సంది టెక్సాస్ రవాణా శాఖ ఆ బోర్డుల మీద "ఈ యేడు మన రోడ్ల మీద ఇంతమంది సచ్చిపోయిన్రు" అని అంకె ఏసుడు వెట్టింది. నెలంత గాదు, ఒక్క వారమే. నెలనెలా జరిగే టెక్సాస్ రవాణా కమిషన్ మీటింగుకు ముంగటి వారం. అంటే అనుకోకుండనే మంచి ప్రయోగం తయారైంది. అదే బోర్డు, అదే రోడ్డు, అంకె ఉన్న వారం ఒకటి, లేని వారాలు మూడు.

హాల్, మ్యాడ్సన్ అని ఇద్దరు 880 బోర్డుల లెక్కలు తీసి 2022ల సైన్స్ పత్రికల అచ్చేసిన్రు. సావుల అంకె కనవడ్డ వారం, బోర్డు దాటినంక 10 కిలోమీటర్ల దాంక యాక్సిడెంట్లు 4.5 శాతం పెరిగినయ్. తగ్గుడు గాదు, పెరుగుడు! రాష్ట్రమంత కలిపితే యేడాదికి 2,600 యాక్సిడెంట్లు ఎక్కువ, 16 పానాలు ఎక్కువ అని అంచన. అంకె పెద్దగున్నకొద్ది నష్టం ఎక్కువ. పోయిన యేడు మొత్తం అంకె కనవడే జనవరిల బాగ ఎక్కువ. ఫిబ్రవరిల లెక్క మళ్ల సున్న కాడికెళ్లి మొదలైతది గద, అప్పుడు తక్కువ. లేన్లు కలిసేకాడ, ఎగ్జిట్లు మస్తుగున్నకాడ ఇంక ఎక్కువ.

ఎందుకంటే, బండి నడిపేటోని బుర్ర అప్పటికే లేన్ల మీద, అద్దాల మీద ఉంటది. ఆడికి వోయి సావు ముచ్చట జెప్తే రెండు మూడు సెకన్లు దిమాగ్ ఆడనే అతుక్కుంటది. భయం పెట్టుర్రి గని, స్టీరింగ్ పట్టుకున్నోనికి పెట్టకుర్రి.

బ్రేక్‌షూ
ఇది ఆలోచించాల్సిన మాటే. మన హైవేల మీద కొన్నిచోట్ల నుజ్జయిన కారుని స్తంభం మీద ఎక్కించి పెడతారు. కొత్తలో డ్రైవర్లు తల తిప్పి మరీ చూస్తారు, అంటే రోడ్డు మీద నుంచి చూపు పోయింది. నెల తిరిగేసరికి రోజూ వెళ్లేవాళ్లకి అది మైలురాయితో సమానం. రెండు విధాలా నష్టమే. ఔటర్ రింగ్ రోడ్డు లాంటిచోట మెరిసే బోర్డు మీద "2 కి.మీ. ముందు ఎడమ లేన్‌లో ఆగిన లారీ" అని వేస్తే అది పనికొచ్చే సమాచారం.

పనిలో పని, కూడళ్లలో యమధర్మరాజు వేషం గురించి కూడా చెప్పుకోవాలి. కిరీటం, గద, పాశం వేసుకుని హెల్మెట్ లేనివాణ్ని ఆపుతాడు. మన సినిమాలు యముణ్ని ఎప్పుడో హాస్యగాణ్ని చేసేశాయి. ఆపినవాడు సెల్ఫీ దిగి, హెల్మెట్ లేకుండానే వెళ్లిపోతాడు. ఫొటో మాత్రం మర్నాడు పేపర్లో పడుతుంది, కార్యక్రమం విజయవంతం.

నాడి
ట్రామా వైద్యం వైపు నుంచి కొన్ని. మీ 'ఎ' కట్‌లో చూపించే చావు, వార్డుల్లో కనిపించే వాస్తవంలో ఒక ముక్క మాత్రమే. హెల్మెట్ లేని తలకి జరిగేది చాలాసార్లు చావు కాదు. మనిషి బతుకుతాడు. మెదడు ముందుభాగం దెబ్బతింటే కోపం అదుపులో ఉండదు, పేర్లు మర్చిపోతాడు, చేస్తున్న ఉద్యోగం పోతుంది. వెన్నుపూస దెబ్బయితే మూత్రానికి గొట్టం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, తిప్పకపోతే నడుం దగ్గర పుండు. ఇరవై ఏళ్లవాడికి "చస్తావు" అంటే అంతగా ఎక్కదు. "నిన్ను మీ అమ్మ పక్కకి తిప్పాలి" అంటే ఎక్కుతుంది. ఇందులో రక్తం అక్కర్లేదు, ఒక మంచం, ఒక గొట్టం, ఒక గడియారం చాలు.

హెల్మెట్ పనితనం మీద అనుమానమే వద్దు. అనేక అధ్యయనాలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో హెల్మెట్ చావు ముప్పుని 42 శాతం, తల గాయం ముప్పుని 69 శాతం తగ్గిస్తుందని తేలింది. ఈ రెండో అంకెని ఫిల్మ్‌లో పెట్టండి. మనసుపొర గారు చెప్పిన "చేస్తే ఫలితం ఉంటుంది" అన్న నమ్మకం ఇదే.

నిజం ప్రమాదం ఫుటేజీ వాడొద్దు. ఆ మనిషి ఇంటివాళ్లు అదే ఊళ్లో, అదే థియేటర్లో కూర్చుని ఉండొచ్చు. ప్రమాదాల్లో రక్తమోడుతున్నవాళ్లని, మృతదేహాల్ని మసక చేయకుండా చూపడం మీద 2023 జనవరిలో సమాచార ప్రసార శాఖ టీవీ చానళ్లకి గట్టిగానే రాసింది. చానళ్లకి వద్దన్నది ప్రభుత్వ కమిటీ తీసిన ఫిల్మ్‌లో ఉంటే ఏం బాగుంటుంది?

కాఫీ_క్లబ్బు
చానళ్లు ఆపాయా ఏంటి :) "షాకింగ్ వీడియో, మీరూ చూడండి" అని ఎర్ర గుండ్రం గీసి, స్లో మోషన్లో ఏడుసార్లు. మసక ఒక్కటే కొత్తగా చేరింది. మీ 'ఎ' కట్ పోటీ పడాల్సింది వీటితో.

లెక్కలపంతులు
అసలు భయం పని చేస్తుందా లేదా అన్న దాని మీద రెండు పెద్ద లెక్కలున్నాయి. చూడటానికి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి.

2015లో టానెన్‌బామ్ బృందం ఆరోగ్యం, భద్రత, ఇంకా అనేక విషయాల మీద 248 వేరువేరు గుంపుల్లోని 27 వేల పైచిలుకు మందిని కలిపి చూసింది. భయపెట్టడం మొత్తం మీద పని చేస్తుందని తేల్చింది. ప్రభావం చిన్నదే, కానీ ఉంది. 2013లో కేరీ బృందం డ్రైవింగ్ ఒక్కటే తీసుకుని 13 అధ్యయనాలు, 3,044 మంది మీద చూసింది. యాడ్‌లు భయాన్ని బాగానే పుట్టించాయి, నడిపే తీరు మీద మాత్రం ప్రభావం దాదాపు సున్నా.

ముడి విప్పే కొస మొదటి అధ్యయనంలోనే ఉంది. ఒక్కసారి చేసి వదిలేసే పనుల విషయంలో భయం బాగా పని చేస్తుంది, రోజూ చేయాల్సిన పనుల విషయంలో తక్కువ. ఆడవాళ్లు ఎక్కువున్న గుంపుల్లో ఎక్కువ పని చేస్తుంది. డ్రైవింగ్ రోజూ చేసే పని. వేగంగా నడిపేది ఎక్కువగా కుర్రాళ్లు. రెండు రకాలుగానూ ఎదురుగాలే.

దీన్నుంచి నేను లాగే సంగతి ఒకటుంది. హెల్మెట్ *పెట్టుకోవడం* రోజువారీ పని, *కొనడం* ఒక్కసారి పని. భయం వాడదలిస్తే కొనడం మీద వాడండి. చూసేది కుర్రాడు కాకుండా వాళ్లమ్మ, పెళ్లాం, చెల్లెలు అయినా ఫరవాలేదు, అసలు అదే మేలు. "ఈ ఆదివారం లోపు, ఐఎస్ఐ గుర్తున్నది, ఇంట్లో బండెక్కే ప్రతి తలకీ ఒకటి." పెట్టుకోవడం అన్నది అలవాటు, జరిమానా, నలుగురి చూపు. దానికి వేరే ఫిల్మ్ తీయాలి.

యర్రా_ఒడ్డు
పంతులుగారి మాటకి మద్దతుగా కుర్రాళ్ల కోసం తీసినవి రెండు. 2007లో ఆస్ట్రేలియాలోనే న్యూసౌత్ వేల్స్ రాష్ట్రంలో వేగం మీద ఒక యాడ్. వీరావేశంగా టైర్లు అరిపించే కుర్రాణ్ని చూసి పక్కనున్న ఆడపిల్లలు, పెద్దావిడా చిటికెనవేలు వంచి చూపిస్తారు. అర్థం మగపిల్లలందరికీ తెలుసు, ఇక్కడ రాయక్కర్లేదు. రక్తం లేదు, చావు లేదు. పరువు పోయింది అంతే.

ఇంకోటి 2011లో న్యూజిలాండ్‌ది, అక్కడి ఆదివాసులైన మావోరీ యువకుల కోసం. పార్టీలో స్నేహితుడు తాగి బండి తీస్తుంటే చెప్పాలా వద్దా అని ఒకడు లోలోపల గింజుకుంటాడు. ఆ స్నేహితుడు చచ్చి దెయ్యమై వచ్చి తనకి చిప్స్ ఇస్తున్నట్టు ఊహించుకుంటాడు, దెయ్యం ఇచ్చిన చిప్స్ ఎలా తింటాడు? నవ్వొస్తుంది. ఆఖర్న "బండి తియ్యకురా, ఇక్కడే పడుకో" అంటాడు. ఈ ఆఖరి వాక్యమే అసలు సరుకు. చూసినవాడికి మర్నాడు పార్టీలో వాడుకోవడానికి తయారుగా ఒక మాట దొరికింది.

రెండో కొసకి ఉత్తర ఐర్లండ్ 2014లో వెళ్లింది. తరగతి పిల్లలంతా విహారానికి వెళ్తే అదుపు తప్పిన కారు వాళ్ల మీద దొర్లుతుంది. 2000 నుంచి వేగానికి బలైన పిల్లల సంఖ్య ఒక తరగతికి సరిపడా ఉందని, 28 మంది, దాని సందేశం. ప్రపంచమంతా మాట్లాడుకుంది. టీవీలో రాత్రి 9 దాటాకే వేయనిచ్చారు. మాట్లాడుకోవడం అయితే జరిగింది.

టీఏసీ కూడా రక్తం దగ్గరే ఆగిపోలేదు. 2001లో "5 తగ్గించు" ప్రచారం మొదలుపెట్టింది, గంటకి 5 కిలోమీటర్లు తగ్గించడం గురించి. 2016లో పాట్రీషియా పిచ్చినీని అనే శిల్పితో, కారు ప్రమాదాన్ని తట్టుకోవాలంటే మనిషి శరీరం ఎలా ఉండాలో ఒక బొమ్మ చేయించింది. మెడ ఉండదు, మొహం చదునుగా ఉంటుంది. పేరు గ్రాహం.

లెక్కలపంతులు
ఆ 5 కిలోమీటర్ల సంగతి ఇక్కడే లెక్క చేసి చూపిస్తాను, రక్తం లేకుండా షాక్ ఎలా ఇవ్వొచ్చో తెలుస్తుంది. రెండు కార్లు పక్కపక్కన. ఒకటి 60, ఒకటి 65. ఒకేచోట ఇద్దరికీ అడ్డంగా లారీ కనిపించింది. బ్రేకు మీద కాలు పడటానికి ఒకటిన్నర సెకను. 60 కారు ఆ లోపు 25 మీటర్లు పోతుంది, బ్రేకు పట్టాక ఇంకో 20, మొత్తం 45 మీటర్ల దగ్గర లారీకి ఆనుకుని ఆగింది. 65 కారు ఒకటిన్నర సెకనులోనే 27 మీటర్లు పోయింది. మిగిలిన 18 మీటర్లలో ఎంత బ్రేకు వేసినా లారీని తాకేటప్పుడు వేగం ఇంకా గంటకి 32 కిలోమీటర్లు. (పొడి రోడ్డు, మంచి టైర్లు. వానైతే ఇంకా ఘోరం.)

5 ఎక్కువ నడిపితే 5తో గుద్దుతామని అందరూ అనుకుంటారు. 32తో గుద్దుతాం.

రీలు_కత్తెర
ఇది అదిరింది. హెల్మెట్ ఫిల్మ్ తర్వాత వేగం మీద ఒకటి తీయాలి, అప్పుడు వాడతా.

సరే, 'ఎ' కట్ పక్కన పెడుతున్నాను. 'బి' కట్‌ని ఇలా మార్చాలనుకుంటున్నా, చీల్చి చెండాడండి:
0–4 సె: బండి స్టార్ట్, హెల్మెట్ ట్యాంకు మీద.
4–9: మలుపు. బ్రేకు చప్పుడు. నల్ల తెర.
9–22: మంచం, గొట్టం, అమ్మ చేతులు. గడియారం. (నాడి గారి సలహా)
22–28: 69 శాతం అంకె.
28–40: నినాదం, జిల్లా యంత్రాంగం లోగో, అధికారుల ఫొటోలు.

మనసుపొర
ఆఖరి 12 సెకన్లు వృథా. భయం తారస్థాయికి చేరింది 22 దగ్గర. సరిగ్గా అక్కడ చూసేవాడి చేతికి పని ఇవ్వాలి, మీరు అంకె ఇచ్చి తర్వాత ఫొటోలు ఇచ్చారు. యేల్ మ్యాప్ గుర్తుందా? అంకె గొంతులో చెప్పించి, తెర మీద హెల్మెట్ స్ట్రాప్ బిగించే క్లోజప్ పెట్టండి. "టక్" అన్న చప్పుడు బ్రేకు చప్పుడంత పెద్దగా రావాలి. అక్కడ భయం దిగాలి. భయం దిగే క్షణంలో తెర మీద ఏం కనబడుతుందో దాంతోనే ఊరట ముడిపడుతుంది. అధికారుల ఫొటోలతో ముడిపడి ఎవరికి లాభం?

బ్రేక్‌షూ
వారికే లాభం :) లోగో 2 సెకన్లు చాలు. స్ట్రాప్ ఎలాగూ చూపిస్తున్నారు కాబట్టి సరిగ్గా చూపించండి. హెల్మెట్ ఉండీ స్ట్రాప్ పెట్టనివాళ్లు చాలామంది ఉంటారు, పడగానే అది తలకంటే ముందు ఎగిరిపోతుంది.

స్ట్రాప్ గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత బిగువు. అంతకంటే వదులుంటే పనికిరాదు. బిగించాక వెనకనుంచి హెల్మెట్ అంచు పట్టుకుని ముందుకి ఎత్తాలి, తల మీంచి ఊడొస్తే సైజు పెద్దదని అర్థం. మన దేశపు హెల్మెట్ ప్రమాణం ఐఎస్ 4151 అంకె, ఐఎస్ఐ గుర్తు వెనకపక్క ఉండాలి. రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే సగం టోపీల లోపల గట్టి థర్మోకోల్ పొర ఉండదు, గుడ్డ, స్పాంజి మాత్రమే. బొటనవేలితో నొక్కితే తెలిసిపోతుంది. దెబ్బని తినేది ఆ పొరే. ఒకసారి గట్టిగా పడ్డ హెల్మెట్ పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర నలిగి ఉంటుంది, మార్చేయాలి.

వెనక కూర్చున్నవాళ్ల తల కూడా చూపించండి. చట్టంలో ఇద్దరికీ ఒకటే. మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సుకి అనర్హత. ఈ 3 నెలల ముక్క చాలామందికి తెలియదు. చావు కంటే లైసెన్సు పోవడానికే ఎక్కువ భయపడేవాళ్లున్నారు, ఇది మాత్రం అనుభవం మీద చెప్తున్న మాట.

నాడి
బ్రేకు చప్పుడు గురించి ఒక జాగ్రత్త. ప్రమాదం అనుభవించినవాళ్లకి దృశ్యం కన్నా చప్పుడు ఎక్కువ గుచ్చుతుంది. థియేటర్ స్పీకర్లలో ఇంకా ఎక్కువ. లోహం నలిగే చప్పుడు పెట్టొద్దు. బ్రేకు, తర్వాత నిశ్శబ్దం, అది చాలు. కాలేజీల్లో వేసేటప్పుడు ముందుగా ఒక మాట చెప్పి, బయటికి వెళ్లదలచినవాళ్లని వెళ్లనివ్వండి.

లచ్చన్న_డాలస్
గా గడియారం షాట్ మస్తుంటది. రెండు గంటలల్ల ముళ్లు తిరుగుడు సూపియ్యి, అమ్మ మళ్లొచ్చి మళ్ల తిప్పుతది. సెకనుకో తిప్పుడు. మాటల్లేకుంటనే.

మనసుపొర
ఇంకో ప్రమాదం గమనించండి. "నేను బాగా నడుపుతాను" అన్నదే తన గొప్పగా భావించేవాడికి చావు గుర్తు చేస్తే రివర్స్ అవుతుంది. ఇజ్రాయెల్‌లో 1999లో అచ్చయిన ప్రయోగాల్లో, డ్రైవింగ్‌ని పరువుతో ముడిపెట్టుకున్న యువకులకి చావుని గుర్తు చేశాక సిమ్యులేటర్లో, అంటే బండి నడిపినట్టుండే యంత్రంలో, ఇంకా వేగంగా నడిపారు. అంచేత ఫిల్మ్‌లో పడేవాడు తాగుబోతో, స్టంట్లు చేసేవాడో కాకూడదు. మామూలుగా, మంచిగా నడిపే మనిషే పడాలి. మలుపులో ఇసక, కుక్క అడ్డం రావడం, ఏదో ఒకటి. లేకపోతే ప్రతివాడూ "ఇది వాడి గురించి" అనుకుని పక్కవాడి వైపు చూస్తాడు.

రీలు_కత్తెర
ఇసక పెడతాను. ట్రాక్టరు చిమ్మిన ఇసక, ఏ ఊరికైనా సరిపోతుంది. థియేటర్‌కి సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, యాడ్ అయినా సరే. కట్ మారింది కాబట్టి కొత్త కట్‌కే తీసుకుంటాను. ఫోన్ల కోసం 15 సెకన్లది నిలువుగా ఒకటి తీస్తున్నా. మొదటి 3 సెకన్లలోనే స్ట్రాప్ కనబడేలా. 5 సెకన్ల తర్వాత స్కిప్ కొడతారు కదా.

ఇక పని చేసిందో లేదో ఎలా కొలవాలి? కమిటీ వ్యూస్ లెక్క అడుగుతోంది.

లెక్కలపంతులు
వ్యూస్ లెక్క కమిటీకి ఇచ్చేయండి, మీరు తలలు లెక్కపెట్టండి.

ఫిల్మ్ వేసే ఊళ్లో రెండు కూడళ్లు, వేయని ఊళ్లో అలాంటివే రెండు. వేయకముందు ఒకసారి, వేశాక రెండు వారాలకి, మళ్లీ మూడు నెలలకి. ప్రతిసారీ అదే వారం రోజు, అదే గంట. నడిపేవాడు, వెనక కూర్చున్నవాళ్లు వేరువేరు గడుల్లో. ప్రతిదానికీ మూడు గీతలు: లేదు, ఉంది కానీ స్ట్రాప్ లేదు, బిగించి ఉంది. మోచేతికి తగిలించుకున్నదీ, ట్యాంకు మీదదీ "లేదు" కిందే వస్తాయి.

పోలీసు నిలబడే కూడలి వద్దు. వంద మీటర్ల ముందు హెల్మెట్ తలకెక్కుతుంది, దాటాక దిగుతుంది. మీరు కొలిచేది పోలీసుని అవుతుంది, ఫిల్మ్‌ని కాదు.

ఎన్ని బళ్లు? 40 శాతం నుంచి 50కి పెరిగిందని నమ్మకంగా చెప్పాలంటే ప్రతి విడతలో 400 చాలు. 40 నుంచి 45కి అయితే దాదాపు 1,500 కావాలి. ఒక యాడ్‌కి 5 శాతం పెరగడమే గొప్ప కాబట్టి 1,500కి సిద్ధపడండి. ఫోన్ కెమెరాతో గంటసేపు తీసి ఇంట్లో కూర్చుని లెక్కపెడితే తప్పులు తక్కువ.

ఫిల్మ్ పూర్తికాకముందే చిన్న పరీక్ష కూడా పెట్టండి. 18–24 ఏళ్ల కుర్రాళ్లు ఏడెనిమిది మంది, తల్లులు ఏడెనిమిది మంది, వేరువేరుగా. "బాగుందా, భయమేసిందా" అని అడగొద్దు, అందరూ ఔననే అంటారు. మర్నాడు ఫోన్ చేసి "అందులో ఏం చెయ్యమన్నారు?" అని ఒక్కటే అడగండి. "జాగ్రత్తగా వెళ్లమన్నారు" అంటే ఫిల్మ్ తప్పింది. "స్ట్రాప్" అన్న మాట వస్తే నిలబడింది.

బ్రేక్‌షూ
ఎస్పీ గారి ఆఫీసుతో మాట్లాడి, ఫిల్మ్ నడిచే వారాల్లోనే తనిఖీ పెట్టించండి. అదీ స్ట్రాప్ తనిఖీ. ఫిల్మ్‌లో చూసిందే రోడ్డు మీద అడిగితే గుర్తుంటుంది.

లెక్కలపంతులు
పెట్టించండి, కానీ రెండు ఊళ్లలోనూ ఒకేలా. ఒక్క ఊళ్లోనే పెడితే మళ్లీ 1990 విక్టోరియా గొడవే, ఏది దేనివల్లో తేలదు. అన్నట్టు మొదటి లెక్కింపు సంక్రాంతి వారంలో పెట్టుకోవద్దు. ఊరికి వచ్చినవాళ్లు, అరువు బళ్లు, ఒక్కో బండి మీద ముగ్గురు, అన్నీ కలిసి అంకె పాడవుతుంది. డిసెంబరు రెండో వారంలో, మంగళవారమో బుధవారమో చూసుకోండి.

రీలు_కత్తెర
డిసెంబరు రెండో మంగళవారం, ఉదయం 8:30 నుంచి 9:30. కాలేజీ బళ్లన్నీ అప్పుడే వస్తాయి. లెక్క షీటు నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, లేదంటే పంతులుగారు చెప్పిన మూడు గీతలతో నేనే గీస్తాను.